మూడో అంశం

బ్రెనెక్ ఊరి కౌన్సిల్లో మేయరుతో కలిపి ఐదుగురు సభ్యులు. వాళ్ళలో ఏ ముగ్గురు ఒకచోట కూర్చుని ఊరి సంగతి ఎత్తినా అది సభ కిందే లెక్క. సభ అన్నాక ముందుగా నోటీసు అంటించాలి, తలుపులు తెరిచి ఉంచాలి, వచ్చినవాళ్ళకు కుర్చీలు వెయ్యాలి. అందుకని రైలు పట్టాల పక్కనున్న హోటల్లో పొద్దున్నే ఇద్దరు సభ్యులు కాఫీ తాగుతుండగా మూడోవాడు లోపలికి వస్తే, ముందు వచ్చిన ఇద్దరిలో ఒకరు తన కప్పు పట్టుకుని లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోతారు. నెబ్రాస్కాలోని ఈ మొక్కజొన్న చేల మధ్యకు కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి, వీళ్ళకు ఒకరంటే ఒకరికి పడదు కాబోలు అనుకుంటారు. పడని మాటా నిజమే. కాని కప్పు పట్టుకుని లేచేది ఆర్డిస్ నొవాట్నీకి భయపడి.

ఆర్డిస్ ఆ ఊరి క్లర్కు. కౌన్సిల్‌కు ఎవరు నెగ్గినా ప్రమాణం చేయించేది ఆవిడే, ఆ మర్నాడే కూర్చోబెట్టి ముగ్గురి నిబంధన ఒంటపట్టించేదీ ఆవిడే. ఒకసారి చర్చిలో చేపల విందు జరుగుతుంటే మేయర్ గేలెన్ స్ట్రౌడ్ పళ్ళెం పుచ్చుకుని వెళ్ళి ఇద్దరు సభ్యుల పక్కన కూర్చున్నాడు. ఆర్డిస్ వరసలోంచి వచ్చి, ఆయన పళ్ళెం తీసి, అవతలి బల్ల మీద తన అత్తగారి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. మేయర్ పళ్ళెం వెనకాలే నడిచాడు. ఆ సాయంత్రమంతా ఆ ముసలావిడ మోకాళ్ళ నొప్పుల కథ విన్నాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నెలలో మొదటి సోమవారం చర్చా సమావేశం, రెండో సోమవారం తీర్మానాల సమావేశం. మొదటిదాంట్లో సభ్యులు మాట్లాడతారు, ఓటు వెయ్యరు. జనం వచ్చి కూర్చోవచ్చుగాని నోరు విప్పకూడదు. రెండోదాంట్లో జనం మాట్లాడొచ్చు, సభ్యులు ఓటు వేస్తారు. కాని అప్పటికి ఎవరి మనసులో ఏముందో అందరికీ తెలిసిపోయి ఉంటుంది గనక ఆ మాటలు ఎవరి చెవికీ ఎక్కవు. ఊళ్ళో ఏది నిలుస్తుందో ఏది పోతుందో తేలేది మొదటి సోమవారమే. చర్చకు రాని విషయం ఓటుకు రాదు. అది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, ఆనవాయితీ అంతే. దాన్ని దాటే ధైర్యం మాత్రం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

ఆ చర్చల వరసను చూసేది ఆర్డిస్. ఇద్దరు సభ్యులు అడిగితే ఒక విషయం వరసలోకి వస్తుంది. ఎవరు ముందు అడిగితే వాళ్ళది ముందు. ఒక సమావేశానికి మూడు అంశాలు, అంతకు మించి లేదు. మావాడి వీధి ముందు పెట్టమనో, మా ఆవిడ గొడవ చేస్తోందనో ఎవరైనా గొణిగితే ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకు కరిగిపోని సిఫారసు బ్రెనెక్‌లో లేదు.

ఇదివరకు ఈ చర్చలకు అంతూ పొంతూ ఉండేది కాదు. కుక్కలు ఆడుకోవడానికి పార్కులో కంచె వెయ్యాలా వద్దా అన్నదాని మీద ఒక సాయంత్రం మొదలైన మాట, సభ్యుల్లో సగం మంది కునుకు తీసేదాకా సాగింది. ఆ విసుగులో ఆర్డిస్ ఒక నిబంధన రాసి తెచ్చింది. ఐదున్నరకు మొదలైన సమావేశం ఏడున్నరకు ముగియాలి, అంతకు మించి సాగించాలంటే సభ్యులు ఓటు వేసి ఒప్పుకోవాలి. అందరూ సంతోషంగా సరేనన్నారు. ఆ వాక్యాన్ని ఆవిడ తీర్మానాల సమావేశపు నిబంధనల్లోంచి ఎత్తి పెట్టింది. చర్చా సమావేశంలో ఓటే ఉండదు కదా, మరి పొడిగించడానికి ఓటు ఎలా వేస్తారన్నది కొన్నాళ్ళకు ఆవిడకే తట్టింది. దిద్దాలనుకుంది. ఆలోగా సమావేశాలు ఏడున్నరకల్లా ముగిసిపోతున్నాయి, ఆవిడ ఇంటికెళ్ళి వేడి వేడిగా భోంచేస్తోంది. పోనీలే, బాగానే ఉందిగా అనుకుని ఊరుకుంది.

ఇంట్లో ఎదురుచూసేది భర్త వెర్లిన్. పట్టాల పక్కన ఆకాశాన్నంటే ధాన్యపు గోదాముల్లో బతుకంతా పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడవుతాయని అందరూ బెదిరిస్తుంటే నవ్వుతూ తిరిగినవాడు. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయి, మూత్రపిండాలు పోయాయి. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. అది చేసే ఆసుపత్రి పెద్ద ఊళ్ళో ఉంది, వెళ్ళిరావడానికే పూట గడిచిపోతుంది. అయిపోయాక ఆ ఒంటితో ఆయన కారు నడపలేడు. ఆర్డిస్ నడపొచ్చు. కాని వారానికి మూడు రోజులు సెలవంటే ఉద్యోగం ఉండదు, ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది, ఇన్సూరెన్స్ పోతే ఆ ఆసుపత్రి గడప తొక్కలేరు. ఈ ముడి విప్పకుండా వాళ్ళ రోజులు గడుస్తున్నాయంటే దానికి కారణం ఊరి వ్యాన్.

తెల్లరంగు వ్యాన్, తలుపు మీద బ్రెనెక్ నగర చిహ్నం సగం చెరిగిపోయి ఉంటుంది. డ్రైవరు మెర్ల్ అన్న పెద్దమనిషి. ఆసుపత్రికి వెళ్ళాల్సిన నలుగురైదుగురిని ఇంటి గుమ్మం దగ్గర ఎక్కించుకుని, మళ్ళీ గుమ్మం దగ్గరే దింపుతాడు. ఆ ఏడు ఎండాకాలంలో మెర్ల్ ఇక తనవల్ల కాదన్నాడు. వ్యానూ ఇంచుమించు అదే అంది, ఇంజిను చప్పుడుతో. కొత్త డ్రైవరు, కొత్త వ్యాన్ అంటే ఖర్చు, కాబట్టి అక్టోబరు నుంచి ఆపేద్దామని నగర మేనేజరు రాసి పంపాడు. బడ్జెట్ మీద ఓటు మాత్రం ఏటా విడిగా, సెప్టెంబరు నెలాఖరున. అందులో వ్యాన్ ఉండాలంటే అంతకుముందు చర్చకు రావాలి. చర్చకు రాకపోతే ఎవరూ చంపకుండానే అది చచ్చిపోతుంది.

ఆగస్టు సమావేశానికి వరసలో మూడో స్థానం వ్యాన్‌కు వచ్చింది. మొదటిది చెట్ల కొమ్మలు, రెండోది నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రటి దిమ్మె కట్టడం. కౌన్సిల్ సభ్యురాలు ఫిలిస్ ఓబర్మేయర్, ఆర్డిస్‌తో చిన్నప్పటి నుంచి చదువుకున్నది, ఆఫీసుకొచ్చి వ్యాన్‌ను ముందుకు జరపమంది. ఎవరూ ఏమీ అనుకోరని, అసలు ఎవరూ గమనించరని చెప్పింది. వ్యాన్‌లో తన మొగుడు ఎక్కుతాడు కాబట్టే జరపనని ఆర్డిస్ అంది. ఇంకెవరి మొగుడైనా అయితే జరిపేదానివా అని ఫిలిస్ అడిగితే, అప్పుడూ జరపనంది. ఫిలిస్ తలుపు కాస్త గట్టిగానే వేసి వెళ్ళింది.

ఆ సోమవారం చెట్ల కొమ్మలు చప్పున తెగిపోయాయి. దిమ్మె దగ్గర చిక్కుకుంది. సభ్యుడు డ్వేన్ కోపెట్స్కీకి పొలాలున్నాయి. కోత యంత్రం ఆ దిమ్మె చుట్టూ ఎలా తిరుగుతుందని లేచాడు. ఇంజనీరు బొమ్మ గీసి చూపించాడు. డ్వేన్ ఆ బొమ్మ మీద తన జేబులోని పెన్సిల్ చెక్కే చాకును కోత యంత్రంలా నడిపించి, దిమ్మె మీదకు ఎక్కించి చూపించాడు. మేయరుకు ఇలాంటివంటే పంచప్రాణాలు. తనూ లేచి, ఇంకో ఊళ్ళో దిమ్మె చూసొచ్చిన ముచ్చట ఎత్తుకున్నాడు. వెనక కుర్చీల్లో మెర్ల్, వ్యాన్ ఎక్కే ఇద్దరు ముసలివాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారు. వెర్లిన్ రాలేదు. సోమవారం కదా, ఆసుపత్రి నుంచి వచ్చి పడుకుని ఉన్నాడు. ఆర్డిస్ తన మూల బల్ల దగ్గర గోడ గడియారం కేసి చూసి, మేయరు కేసి చూసి, మళ్ళీ కాగితం కేసి చూసుకుంది. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, మేయరు ఆగిపోయేవాడే. ఎవరి మాట మధ్యలోనూ ఆవిడ ఎన్నడూ అడ్డురాలేదు, ఆ రోజూ రాలేదు.

దిమ్మె ముగిసేసరికి ఏడున్నర. మేయర్ గేలెన్ వ్యాన్ కాగితాలు విప్పుతూ, ఇదొక్కటి చూసేసి వెళదాం, పది నిమిషాల పని అన్నాడు. అందరూ తలలూపారు. అప్పుడు నిబంధన గుర్తొచ్చి, ఆర్డిస్ కేసి తిరిగి, పొడిగించొచ్చు కదా అని అడిగాడు.

“పొడిగించాలంటే ఓటు వెయ్యాలి, మేయర్ గారూ,” అంది ఆర్డిస్. “చర్చా సమావేశంలో ఓటు ఉండదు.”

డ్వేన్ నవ్వాడు. అయితే ఇదెప్పటికీ పొడిగించడానికి వీల్లేని సమావేశమా, ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే అని. తర్వాత నవ్వు ఆపేశాడు, ఆ నిబంధన ఎవరు రాశారో, వ్యాన్‌లో ఎవరు వెళతారో ఒకేసారి గుర్తొచ్చి. ఐదుగురూ ఆవిడనే చూస్తున్నారు. పోనీలెండి అని ఒక్క మాట అంటే గదిలో కాదనేవాళ్ళు లేరు. మెర్ల్ టోపీ చేతిలో తిప్పుకుంటున్నాడు.

“ఏడున్నరైంది,” అంది ఆర్డిస్, పెన్ను మూసేసి.

ఇంటికి వెళ్ళేసరికి వెర్లిన్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చల్లారిపోయిన సూపును చెంచాతో కలుపుతున్నాడు. జరిగింది చెప్పింది. తన నిబంధనే తన మెడకు చుట్టుకుందని కూడా చెప్పింది. ఆయన విని విని, చెంచా కింద పెట్టి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. “మా క్లర్కు గారు ఇన్నాళ్ళూ ఊరంతటికీ గడియారం కట్టారు, ఇవాళ వాళ్ళాయనకూ కట్టారన్నమాట,” అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది. ఇది నవ్వులాట కాదంది. పోతే పోనియ్యవే, వ్యాన్ పోతే లోకం ఆగదు అన్నాడాయన.

ఆ తర్వాత వారాల్లో ఆయన హుషారుగా ఉండడం ఆవిడ గమనించింది. గ్యారేజీ సర్దాడు. చేపల గాలాలు తీసి పక్కింటాయనకు ఇచ్చేశాడు. ఈలవేస్తూ తిరిగాడు. మందులు బాగా పడుతున్నాయనుకుంది. అడగలేదు. బళ్ళకొద్దీ విషయాలు వరసలో పెట్టి, ఒక్కోదానికి సమయం కేటాయించి, ఎవరు ఎప్పుడు ఏం మాట్లాడాలో చూసే మనిషి, ఇంట్లో ఇంతమాత్రం అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం. ఆ సంగతి తనతో తనే ఒప్పుకోవడానికి కూడా ఆవిడకు ఇష్టం లేదు.

సెప్టెంబరులో మొదటి సోమవారం కార్మికుల సెలవు. సమావేశం ఇంకో రోజుకు జరపాలి. ఆ రోజు కుదర్చడం ఆర్డిస్ పని. మామూలుగా దీన్ని ఆవిడ ఒక ఫోనుతో తేల్చేస్తుంది. ఈసారి డ్వేన్‌కు పశువుల మేత కోతలు, ఒక సభ్యుడికి కూతురి పెళ్ళి, ఇంకొకాయనకు కంటి ఆపరేషన్. ముగ్గురైనా కుదరని రోజులు తీసేస్తే, బడ్జెట్ ఓటుకు ముందు మిగిలింది ఒక గురువారం. అది కూడా వానొస్తేనే డ్వేన్ వస్తానన్నాడు, ఎండగా ఉంటే మేత కోసుకోవాలి. ముగ్గురు రాకపోతే సభ జరగదు, పెళ్ళివారూ కంటివారూ ఎటూ రారు, అంటే డ్వేన్ వస్తేనే సభ, లేకపోతే వ్యాన్ కథ అంతటితో సరి. ఆర్డిస్ ఆ వారమంతా రేడియోలో వాతావరణం వింటూ గడిపింది. జీవితంలో మొదటిసారి, మొక్కజొన్న పండే ఊళ్ళో, కోతల కాలంలో వాన పడాలని కోరుకుంది. కోరుకున్నందుకు సిగ్గుపడింది కూడా.

ఆ ఆదివారం ఫిలిస్ ఇంటికి వచ్చింది. ఆప్రికాట్ పళ్ళ జామ్ నింపిన కొలాచీ రొట్టెలు పళ్ళెం నిండా తెచ్చింది. వెర్లిన్ వెనక గదిలో పడుకుని ఉన్నాడు. బల్ల దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి, ఇక గురువారం కోసం గుండెలు బాదుకోవద్దని, తను సంగతి చక్కబెట్టానని చెప్పింది. డ్వేన్‌ను పొలం గట్టు మీద పట్టుకుందట, వ్యాన్‌కు సరేనన్నాడట. కాబట్టి తనూ డ్వేనూ ఇద్దరు. ఆ పైన నిన్న…

“ఉండవే,” అంది ఆర్డిస్. “మూడో పేరు చెప్పకు.”

“ఎందుకు చెప్పకూడదు? నీ మొగుడి ప్రాణం కోసమే కదా నేను ఊరంతా తిరిగింది.”

“ఒకరి దగ్గరికి ఒకరు పోయి మాట కలుపుకుంటే అది కూడా సభే, ఫిలిస్. నోటీసు లేకుండా, తలుపులు మూసుకుని. నీకది నేనే నేర్పాను. నా వంటింట్లో, నా కోసం, ఆ పని జరగడానికి వీల్లేదు.”

ఫిలిస్ చెవులు ఎర్రబడ్డాయి. కోపమొస్తే ఆవిడకు బడిలో ఉన్నప్పటి నుంచీ అంతే. నీతో స్నేహం చెయ్యడం గోడతో స్నేహం చెయ్యడంలాంటిదని చెప్పి లేచింది. పళ్ళెం వదిలి వెళ్ళింది. ఆ జబ్బుతో వెర్లిన్‌కు ఆ జామ్ రొట్టెలు పడవు, ఆర్డిస్ ఒంటరిగా కూర్చుని రెండు తినేసింది. తింటూ ఏడ్చింది. తను చేసింది సరైనదేనని అప్పుడూ అనుకుంది, అదే మరీ బాధగా ఉంది.

గురువారం పొద్దున్న ఎండ కాసింది. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. ఐదింటికి నాలుగు చినుకులు రాలాయి, ఆ నాలుగు చినుకులకే డ్వేన్ బురద బూట్లతో వచ్చి కుర్చీలో కూలబడి, ఈ వాన మేతకు చాలదు గాని సభకు చాలుతుందన్నాడు. ముగ్గురయ్యారు. ఆగస్టులో మిగిలిపోయింది గనక వ్యాన్ ఈసారి వరసలో మొదట ఉంది. ఎవరి దయా అక్కర్లేదు, నిబంధనే దాన్ని ముందుకు తెచ్చింది.

మేనేజరు లెక్కలు చదివాడు. ఆ వ్యాన్‌లో వెళ్ళేవాళ్ళెవరు, ఎందుకు వెళతారని డ్వేన్ అడిగాడు. మేనేజరు ఈ మధ్యే వచ్చినవాడు, కాగితాలు తిరగేశాడు. అప్పుడు మేయర్ గేలెన్ క్లర్కు కేసి తిరిగాడు. సభ్యులు అడిగితే ఉద్యోగులు జవాబు చెప్పొచ్చు, అది నిబంధన.

ఆర్డిస్ లేచి నిలబడింది. ఒక్కొక్కరి పేరూ, ఏ వీధో చెప్పింది. చివరికి వచ్చేసరికి ఆగింది. “వెర్లిన్ నొవాట్నీ, ఎల్మ్ వీధి. మా ఆయన. వ్యాన్ ఆగిపోతే నేను ఉద్యోగం మానాలి, మానితే ఇన్సూరెన్స్ ఉండదు. ఇందులో నా స్వార్థం ఉంది, అందుకని నా మాటను ఆమేరకు తగ్గించి వినండి,” అని కూర్చుంది.

డ్వేన్ గొంతు సవరించుకుని, ఆ కోడి గూడులాంటి బండికి కొత్త ఇంజిను వేయిస్తే ఇంకో రెండేళ్ళు నడుస్తుందేమో కనుక్కోమన్నాడు. ఫిలిస్ వెనక కుర్చీల వైపు చూసి, మెర్ల్ చలికాలం దాకా ఉంటాడేమో మేనేజరు అడిగి చెప్పాలంది. అడగకుండానే మెర్ల్ తల ఊపేశాడు. జనం తల ఊపకూడదని నిబంధనల్లో లేదు. మేయరు తన ఇద్దరు సభ్యుల తలలు చూశాడు, రెండూ ఊగాయి. బడ్జెట్‌లో వ్యాన్ ఉంచండి అన్నాడు. ఓటు తర్వాతి సోమవారం, అది ఇక లాంఛనం. మొత్తం పావుగంట పట్టింది.

బయట మెట్ల మీద ఫిలిస్ ఆవిడ పక్కన నిలబడి, నా పళ్ళెం నాకు తెచ్చివ్వు అంది. ఆర్డిస్ రేపే తెస్తానంది. వాళ్ళిద్దరి మధ్య రాజీలన్నీ ఇలాగే జరుగుతాయి.

ఇంటికి దాదాపు పరుగెత్తింది. వెర్లిన్ వెనక మెట్ల మీద కూర్చుని తడిసిన గడ్డిని చూస్తున్నాడు. వ్యాన్ నిలిచిందని చెప్పింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. విన్నావా అని మళ్ళీ అడిగింది. విన్నానన్నాడు.

“ఆగిపోతుందని ఎదురుచూశానే,” అన్నాడు.

ఆవిడకు అర్థం కాలేదు. అర్థమైంది. పక్కన కూర్చుంది.

“అది ఆగిపోతే నేనూ డయాలసిస్ ఆపేద్దామనుకున్నా. నేను మానేశానని ఎవరూ అనరు. వ్యాన్ పోయింది, ఏం చేస్తాడు పాపం అంటారు. నువ్వూ అదే అనుకుంటావు. నీ మీదా, నా మీదా పడదు.” గడ్డి వైపే చూస్తూ చెప్పాడు. “అలిసిపోయానే.”

తను ఇన్ని వారాలు నిద్ర లేకుండా చేసినదంతా ఆయనకు ఇష్టం లేని పని కోసమా అని ఆవిడకు ముందు కోపం వచ్చింది. గాలాలు ఎందుకిచ్చేశావని అరవబోయింది. ఎందుకిచ్చేశాడో తెలిసే ఉంది. నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా అంది. నువ్వడిగావా అన్నాడాయన. గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. వాళ్ళ పెళ్ళయినప్పటి నుంచి ఇంట్లో ఏది ఎప్పుడు జరగాలో చూసేది ఆవిడే, మూత్రపిండాలు పోయాక మరీను. మందుల వేళలు, డాక్టర్ల తేదీలు, ఏం తినాలో ఏం తినకూడదో అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. అసలు నీకు ఇది కావాలా అన్న ప్రశ్న ఏ రోజూ ఆ వరసలోకి రాలేదు.

శుక్రవారం ఆయన వ్యాన్ ఎక్కి వెళ్ళాడు. సోమవారం వెళ్ళాడు. ఆ సాయంత్రమే బడ్జెట్ ఓటు కూడా లాంఛనంగా అయిపోయింది. బుధవారం, అక్టోబరు చర్చల ఎజెండా మూసే రోజు. మధ్యాహ్నంలోగా వచ్చినవే వరసలో ఉంటాయి. అలాంటి రోజు ఆర్డిస్ ఆఫీసుకు రాకపోవడమన్నది అంతవరకు ఎవరూ ఎరగరు. పొద్దున్నే సహాయ క్లర్కుకు ఫోన్ చేసి, ఇవాళ నువ్వే మూసెయ్యి అంది. ఒంట్లో బాగాలేదా అని ఆ అమ్మాయి అడిగింది. బాగానే ఉందంది.

వ్యాన్ గుమ్మం ముందు ఆగితే, వెర్లిన్ వెనకాలే ఆవిడా ఎక్కింది. దాని కోసం అంత పోరాడిన మనిషి, అందులో ఎక్కడం అదే మొదటిసారి. మెర్ల్ అద్దంలో చూసి బండి కదిలించాడు. సీట్లు చిరిగి ఉన్నాయి. కిటికీ మూత పడదు, చలిగాలి లోపలికి వస్తోంది. వెర్లిన్ కూర్చునే చోట అద్దం మీద, ఆయన తల ఆనుకుని ఆనుకుని, నూనె మరక ఉంది.

ఆసుపత్రిలో ఆయన కుర్చీ కిటికీ పక్కన. నర్సు చేతికి సూదులు గుచ్చేటప్పుడు ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. యంత్రం తిరగడం మొదలైంది. ఎర్రటి గొట్టాల్లోంచి ఆయన రక్తం బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోతోంది. ఆర్డిస్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దాన్నే చూసింది. ఈ యంత్రం పేరు, మందుల పేర్లు, ఏ రోజు ఎంత నీరు తీశారో అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు.

“నొప్పిగా ఉంటుందా?” అంది.

ఆయన చెప్పాడు. సూదుల నొప్పి అలవాటైపోయిందట. మూడో గంటకు కాళ్ళు కొంకర్లు పోతాయట, అప్పుడు పిక్కలు పట్టుకోవడానికి కూడా చెయ్యి కదపకూడదట. లోపల్నుంచి చలి వస్తుందట, ఎన్ని దుప్పట్లు కప్పినా పోదట. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో మెర్ల్ బండి ఆపుతాడట, ఆయన దిగి చేను గట్టున వాంతి చేసుకుంటాడట. మెర్ల్ ఆ మాట ఎవరికీ చెప్పకుండా ఉంటాడట. ఇదంతా ఆయన ఫిర్యాదులా చెప్పలేదు. అడిగింది కాబట్టి చెప్పాడు. ఆవిడ ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు.

“ఈ ఏడు గడవనిద్దాం,” అన్నాడు చివరికి. “క్రిస్మస్ చూడాలని ఉంది. ఆ తర్వాత ఏదో ఒకరోజు చాలు అంటాను. ఆ రోజు నువ్వు నాకు అడ్డం పడకూడదు.”

“వాదిస్తాను.”

“వాదించు. ఎంతసేపైనా వాదించు. కాని మాట నాది.”

ఆర్డిస్ యంత్రం కేసి చూసింది. దాని మీద మిగిలిన సమయం అంకెల్లో తగ్గుతూ వస్తోంది. దుప్పటి ఆయన పాదాల మీదకు లాగి, పిక్కల మీద రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకుంది.

“సరే, నీదే,” అంది.